పున్నమి నాటికి ఒకసారి రా, నాన్నా

బందరు,
16 నవంబరు 2025

చిరంజీవి బుజ్జికి అమ్మ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ నాన్నగారి దగ్గు పగలు తగ్గింది, తెల్లవారుజామున మాత్రం వదలడం లేదు. మిరియాల కషాయం కాచి ఇస్తున్నాను. రేపు ఆఖరి కార్తీక సోమవారం, ఉపవాసం వద్దని చెప్పాను, వింటారో లేదో. నువ్వూ, కోడలమ్మాయీ, చిన్నదీ ఎలా ఉన్నారు? హైదరాబాదులో మనకన్నా చలి ముందే వస్తుంది. చిన్నదాన్ని చెవులకి టోపీ లేకుండా బడికి పంపకండి.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటి అనుకోకు. ఫోన్లో నేను మొదలుపెట్టేసరికి నీకు మీటింగ్ వస్తుంది. మొంథా తుపాను రోజున, అక్టోబరు 28న, గంటగంటకీ ఫోన్ చేశావు. మర్నాడు పొద్దున్న ఒకసారి మాట్లాడావు. అప్పటి నుంచి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. నేను ఏం మెసేజ్ పెట్టినా బొటనవేలు బొమ్మ ఒకటి వస్తోంది. పని ఒత్తిడి ఉంటుంది, కాదనను.

తుపానుకి పెరట్లో జామచెట్టు సగానికి విరిగింది. వంటింటి మీద రేకు ఒకటి లేచిపోతే పక్కింటి అబ్బాయి వచ్చి బిగించి వెళ్ళాడు. ఒక రాత్రీ ఒక పగలూ కరెంటు లేదు. ముందే బిందెలన్నీ నింపి పెట్టుకున్నాం కాబట్టి ఇబ్బంది పడలేదు. ఇంతకుమించి నష్టం లేదు. ఎందుకు లేదో నీకు తెలుసా? మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది, బందరు దానికి దక్షిణం పక్కన ఉండిపోయింది. మన సముద్రంలో తుపాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. అది తీరం దాటే చోటుకి ఉత్తరం పక్కన గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. దక్షిణం పక్కనైతే నేల మీద నుంచి సముద్రంలోకి తోస్తుంది. అందుకే ఎక్కడ తీరం దాటుతుందని టీవీలో చెబుతారో ఆ ఒక్క పేరు విని ఊరుకోకూడదు. దానికి ఉత్తరాన ఎవరున్నారో చూసుకోవాలి. 1977 తుపాను చీరాల దగ్గర దాటింది. పోయినవాళ్ళు ఎక్కువగా దానికి ఉత్తరాన ఉన్న మా దివిసీమ వాళ్ళు.

మొన్న గుడివాడ బాబాయి వచ్చాడు, వాళ్ళ చిన్నపిల్ల శుభలేఖ ఇవ్వడానికి. భోజనం చేసి వెళ్ళమన్నా కూర్చోలేదు, కాఫీ తాగాడు. చెప్పులు వేసుకుంటూ, "మీవాడు మంచి పని చేశాడు వదినా, మంగినపూడి రోడ్డులో పోర్టు పక్కనే స్థలానికి అడ్వాన్సు కట్టాడటగా" అన్నాడు. మీ నాన్నగారు నా వంక చూశారు. తెలుసన్నట్టే తలూపాను. నాకు తెలియదని అతనికి ఎందుకు తెలియాలి?

అది అలా ఉంచు. నువ్వు చెప్పేటప్పుడే చెబుతావు.

నిన్న పాత పుస్తకాలు ఎండలో పెడుతూ, నేను తొమ్మిదో తరగతికి పాఠాలు చెప్పిన నోట్సు చూశాను. బందరు గురించి నేనే రాసుకున్న నాలుగు పేజీలు. డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు, తర్వాత ఫ్రెంచివాళ్ళు, కలంకారీ బట్టలు. ఇవన్నీ పిల్లలు గబగబా అప్పజెప్పేసేవాళ్ళు. 1864 దగ్గరికి వచ్చేసరికి మాత్రం క్లాసులో చప్పుడు ఉండేది కాదు. ఆ ఏడాది నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి ఊరంతా ముంచేసింది. నీళ్ళు ఒకచోట 17 మైళ్ళు లోపలికి వెళ్ళాయి. సుమారు 30,000 మంది పోయారని జిల్లా పుస్తకాల్లో రాశారు. తెల్లవాళ్ళ సమాధులు, కోట గోడలు ఇంకా ఉన్నాయి, నువ్వు చిన్నప్పుడు ఆ గోడల మీద ఎక్కి మోకాలు చీరుకున్నావు. ఆ 30,000 మందికి సమాధులు లేవు. రేవు మళ్ళీ వెనకటిలా కోలుకోలేదు. మీ నాయనమ్మ 1949 గాలివాన గురించి చెప్పేది, కొత్త కోడలిగా వచ్చిన ఏడాదే పెంకులన్నీ లేచిపోయాయని.

మన దగ్గరే ఎందుకు ఇంత ఎత్తున వస్తుందని పిల్లలు అడిగేవాళ్ళు. బల్ల మీద నీళ్ళు పోసి చూపించేదాన్ని. ఇక్కడ సముద్రం చాలా దూరం దాకా లోతు లేకుండా ఉంటుంది, కాబట్టి గాలి తోసిన నీళ్ళు కిందికి పోవడానికి చోటు లేక పైకి లేస్తాయి. ఒడ్డు దాటాక డెల్టా నేల అంతా అరచేయిలా చదును. ఆపడానికి ఒక గుట్ట లేదు. ఉన్నది కాస్త మడ అడవి, అది కూడా నరుక్కుంటూ పోయాం.

ఈ బుధవారం నవంబరు 19. ఆ 1977 ఉప్పెనకి నలభై ఎనిమిదేళ్ళు అవుతుంది. నీకు ముక్కలు ముక్కలుగా చెప్పానే గానీ పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు.

అప్పుడు నాకు పదమూడేళ్ళు. కోడూరు పక్కన మా ఊరు. శనివారం. శుక్రవారం నుంచే ఈదురుగాలి, జల్లు. రేడియోలో తుపాను అన్నారు. తుపాన్లు మాకు కొత్త కాదు, ఇంటి కప్పుకి తాళ్ళు వేసి బిగించాడు మీ తాతయ్య. మధ్యాహ్నానికి గాలి హోరు పెరిగి పక్కనున్న మనిషి మాట వినపడటం మానేసింది. ఊళ్ళో డాబా ఒక్కటే, మునసబుగారిది. సాయంత్రం తాతయ్య మమ్మల్ని అక్కడికి తోలాడు. మా మామ్మ సగం దారిలో ఆగిపోయింది. "గేదెలు కట్టేసి ఉన్నాయిరా" అని వెనక్కి తిరిగింది. తాతయ్య అరిచాడు, తర్వాత ఆవిడ వెంటే పరిగెత్తాడు. మేము డాబా ఎక్కాం.

ముందు చప్పుడు వచ్చింది. రైలు వంతెన మీద పోతున్నట్టు. కిందనుంచి ఎవరో "నీళ్ళు, నీళ్ళు" అని అరిచారు. చీకటి పడిపోయింది, ఏమీ కనపడదు. మా అమ్మ నా చెయ్యి వదలకుండా మెట్ల మీద నిలబడి తాతయ్యని పిలుస్తోంది. ఆ మెట్లు పద్దెనిమిది. నేను కాలితో తడిమి లెక్కపెట్టాను. నాలుగో మెట్టు దగ్గర నీళ్ళు చీలమండకి తగిలాయి. వెచ్చగా ఉన్నాయి, ఆ సంగతి ఇప్పటికీ నా పాదానికి గుర్తే. ఏడో మెట్టు ఎక్కాను. మళ్ళీ తగిలాయి. తొమ్మిది. ఎవరో మామ్మని జుట్టు పట్టి పైకి లాగారు, వెనకే తాతయ్య. ఆవిడ చేతిలో పలుపు తాడు ఉంది, అరచెయ్యి తోలు ఊడిపోయింది. నీళ్ళు పదకొండో మెట్టు దాకా వచ్చి ఆగాయి. ఆ రాత్రి డాబా మీద యాభై మంది దాకా ఒకళ్ళ మీద ఒకళ్ళం పడి ఉన్నాం. వాన సూదుల్లా గుచ్చుతోంది. నాలుక మీద పడితే ఉప్పగా ఉంది.

తెల్లారాక చూస్తే ఊరు లేదు. కోతకొచ్చిన వరి బురదలో పరుచుకుని ఉంది. మురుగుకోడు గట్టున గుడిసెలు ఒక్కటీ లేవు. నా పక్క బెంచీలో కూర్చునే పిల్ల వాళ్ళది ఆ గట్టు మీదే. శుక్రవారం నా లెక్కల పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళింది. మనుషులు తుమ్మచెట్లలో, తాటిమట్టల్లో చిక్కుకుని కనపడ్డారు. మామ్మ విప్పిన రెండు గేదెల్లో ఒకటి మూడోరోజున తనంతట తనే నడిచి వచ్చింది. బావి నీళ్ళు నోట పెట్టలేకపోయాం. హెలికాప్టర్లో రొట్టెల పొట్లాలు వేశారు. సముద్రం కొన్నిచోట్ల 5 మీటర్లకు పైగా లేచిందని, దాదాపు 10,000 మంది పోయారని తర్వాత లెక్కలు చెప్పాయి. మా దివిసీమలో ఆ లెక్క ఎవరూ ఒప్పుకోరు.

ఉద్యోగం వచ్చాక ఒకసారి వెళ్ళి ఆ మెట్లు టేపుతో కొలిచాను. పదకొండో మెట్టుకి ఆరున్నర అడుగులు. నిలబడిన మనిషి తల మునిగే నీళ్ళు. మా ఊరు సముద్రం ఒడ్డున కూడా లేదు బుజ్జీ. మంగినపూడి ఒడ్డునే ఉంది.

1990 మే తుపాను నాటికి నువ్వు ఏడాది పిల్లాడివి. ముందురోజే రిక్షాలో మైకు పెట్టి చెప్పారు. నిన్ను తువ్వాలులో చుట్టి, పాలడబ్బా పట్టుకుని, హైస్కూలు మేడ మీదికి వెళ్ళాం. నాయనమ్మ రానంటే మీ నాన్నగారు ఎత్తుకుని తీసుకొచ్చారు. అదీ పెద్ద తుపానే, కృష్ణ సాగరంలో కలిసే చోట దాటింది. తీరం నుంచి లక్షన్నర మందికి పైగా తరలించారు. అయినా వెయ్యి మందికి దగ్గరగా పోయారు, కానీ 1977 ఎక్కడ, అది ఎక్కడ! ముందే చెప్పడం, చెబితే కదలడం, ఆ రెండే తేడా. ఇప్పుడు రాడార్ మన ఊళ్ళోనే ఉంది, తుపాను షెల్టర్లు ఉన్నాయి. మనిషిని లారీలో ఎక్కించుకుపోవచ్చు. ఇంటిని ఎక్కించుకుపోలేం. సునామీకి ఆ హెచ్చరిక కూడా లేదు. 2004 డిసెంబరు 26, పౌర్ణమి ఆదివారం, మంగినపూడికి సముద్ర స్నానాలకి వెళ్ళినవాళ్ళు అందరూ తిరిగి రాలేదు. మనం కూడా వెళ్ళాల్సింది. నీకు ముందురోజు జ్వరం వచ్చింది.

పాఠం చెప్పకూడదు అనుకునే కూర్చున్నాను. అయినా నాలుగు సంగతులు అడగాలి. ఆ స్థలం సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో ఎవరైనా కొలిచి చెప్పారా? రోడ్డుకన్నా ఎత్తా, పల్లమా? రొయ్యల చెరువు పూడ్చి ప్లాట్లు వేశారా? పూడ్చిన మట్టి రెండు వానాకాలాలు గడిస్తేగానీ నిజం చెప్పదు. సముద్రం పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా తీర నిబంధనల కిందికి వస్తుంది, ప్లాను ఇస్తారో ఇవ్వరో కాగితం చూశావా? బోరు వేస్తే తియ్యని నీళ్ళు పడతాయా? వానలో, పోటు మీద ఉన్నప్పుడు చూశావా, లేక ఎండలో కారు దిగి అయిదు నిమిషాలు చూసి వచ్చావా? లోను తీసుకున్నావా? అమ్మాయికి తెలుసా?

పోర్టు వస్తే మంచిదే. మన పిల్లలు రొయ్యల ఫ్యాక్టరీలకీ, హైదరాబాదుకీ పోకుండా ఇక్కడే ఉంటారు. నేను వద్దనేది ఊరిని కాదు. నువ్వు ఈ ఊళ్ళో ఇల్లు కట్టుకోవాలని అనుకున్నావన్న మాట బాబాయి నోట వినగానే, ఒక్క నిమిషం ఎంత సంతోషమేసిందో నీకు చెప్పలేను. ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి కూడా అదే కారణం. మన ఇంటి మీద పై అంతస్తు వేసుకోవచ్చు, పునాది గట్టిదే, నాన్నగారు పిల్లర్లకి ఊచలు పైకి వదిలే ఉంచారు. అడ్వాన్సు పోతే పోనీ. నా పెన్షను డబ్బులు బ్యాంకులో ఉన్నాయి, అడగడానికి మొహమాట పడకు.

తాడంకి అక్కయ్య బస్సులో వస్తోంది, ఆవిడతో డబ్బా పంపుతున్నాను. అందులో తొక్కుడు లడ్డు కిలో, ఉసిరికాయ పచ్చడి, చిన్నదానికి ఉలెన్ స్వెట్టరు. పచ్చడి సీసా మూత బిగించి గుడ్డ కట్టాను, నిలువుగానే పెట్టండి. స్వెట్టరు చేతులు పొడుగనిపిస్తే మడిచి వేయండి, కత్తిరించకండి.

డిసెంబరు 4న పౌర్ణమి, గురువారం. ఒక్కరోజు సెలవు పెట్టి రా. సముద్రం పోటు మీద ఉన్న వేళకి ఇద్దరం ఆటోలో వెళ్దాం, నీ స్థలం నాకు చూపించు. టేపు నా దగ్గరే ఉంది.

అమ్మ

తా.క.: ఈ ఉత్తరం అందగానే బొటనవేలు బొమ్మ పెట్టకు. ఫోన్ చెయ్యి.