ఎన్‌ఖాటా బే ప్రయాణానికి దారి చూపిన అందరికీ కృతజ్ఞతలు

ఆఫ్రికాలోని మలావీ సరస్సు పడమటి ఒడ్డున, ముజుజు నగరం నుంచి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది ఎన్‌ఖాటా బే అనే చిన్న చేపల రేవు. భార్యాభర్తలం వెళ్తున్నాం, జాగ్రత్తలు చెప్పండి అంటే అడగనివి కూడా చెప్పారు మీరంతా. తర్వాత వెళ్ళేవాళ్ళ కోసం వాటిని ఇక్కడ రాసి పెడుతున్నాం.

మొదటి నమస్కారం డాక్టరు గారికి. సరస్సులో దిగితే బిల్‌హార్జియా అనే పురుగుల జబ్బు వస్తుందా అంటే, అటు భయపెట్టలేదు, ఇటు కొట్టిపారేయలేదు. నత్తల్లోంచి వచ్చే లార్వాలు కొద్ది నిమిషాల్లోనే చర్మంలోంచి లోపలికి పోతాయి, తువ్వాలుతో తుడుచుకోవడాన్ని నమ్ముకోవద్దన్నారు. జమ్ము పెరిగిన నిలవ నీళ్ళు మరీ చెడ్డవి. ఇసుక ఒడ్డయినా భరోసా లేదు: సరస్సు దక్షిణ కొసన నత్తల్ని తినే చేపల్ని అతిగా పట్టేయడంతో అక్కడా జబ్బు పెరిగింది. పడవ మీద వెళ్ళి బండల పక్కన లోతు నీళ్ళలో దిగడం కాస్త నయం. మందు ప్రాజిక్వాంటెల్, మామూలు మోతాదు కిలో బరువుకి 40 మిల్లీగ్రాములు. అంటే 60 కిలోల మనిషికి 600 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు, భోజనంతో. చాలామంది ఎన్‌ఖాటా బే వదిలే రోజే మింగేస్తారు. అది దండగ, ఎదగని పురుగుల మీద ఆ మందు సరిగా పనిచేయదు. చివరిసారి నీళ్ళలో దిగిన 6-8 వారాలకు పరీక్ష చేయించుకుని, డాక్టరు రాసినట్టే వేసుకోవాలి.

మలేరియా రాకుండా వేసుకునే మందు అటోవాక్వోన్-ప్రొగ్వానిల్ అయితే బయల్దేరే ముందు రోజు నుంచి, వెనక్కి వచ్చాక మరో 7 రోజులు. ఇంటికొచ్చేశాం కదా అని ఆపకూడదు.

పడవ నడిపే అన్నకు జికోమో (అక్కడి చిచేవా భాషలో కృతజ్ఞతలు)! మే నుంచి ఆగస్టు దాకా ‘మ్వేరా’ అనే ఆగ్నేయపు గాలి సరస్సుని సముద్రంలా లేపుతుంది. అది లేచిన రోజు పడవెక్కడం మానుకోవాల్సిందే, బేరాలు అనవసరం.

వంటింటి అక్క చెప్పిన ఉసిపా సంగతి మన నెత్తళ్ళ ప్రియులకు. వెన్నెల లేని రాత్రులు దీపాలు పెట్టి పట్టే చిన్న చేపలివి, ఒడ్డున తడికెల మీద ఎండబెడతారు. వానల్లో సరిగా ఎండవు, పాడవుతాయి. వంచితే పుటుక్కున విరిగేవే కొనాలి. మొక్కజొన్న పిండితో చేసే ఎన్‌సిమాకి టమాటా వేసిన ఉసిపా కూర బాగా కుదురుతుంది. శాకాహారులు చిక్కుడు గింజలు, వేరుశనగ పొడి వేసిన గుమ్మడాకు కూర అడగవచ్చు. కూరలో చేప వేశారా అని మాత్రం ముందే కనుక్కోవాలి.

లిలోంగ్వేలోని వదినా, మీ మాట కూడా: ఒడ్డు దాటి బజారులోకి వెళ్తే ఆడవాళ్ళు మోకాళ్ళు కప్పేలా చితెంజె అనే గుడ్డ చుట్టుకోవడం మర్యాద. నలుగురిలో ఆలుమగలు ఒకరినొకరు హత్తుకోవడం అక్కడివాళ్ళకు ఇబ్బంది. ఇక డబ్బు: అక్కడి కరెన్సీ క్వాచాలు ముజుజులోనే తీసుకుని, చిన్న నోట్లుగా మార్చుకుని వెళ్ళండి.