సర్వే అంకె పక్కన ఇంకో అంకె వేయండి

సంపాదకులకు నమస్కారం.

తాగునీరు, చెత్త సేకరణ, వీధి దీపాల మీద జనం ఏమనుకుంటున్నారో సర్వే చేసి అంకెలు వేయడం పత్రికలకు మామూలైంది. మంచిదే. కానీ గతసారి 52 శాతం మంది బాగుందన్నారు, ఈసారి 48 శాతమే అన్నారు అనుకోండి, మర్నాడే ‘పడిపోయిన సంతృప్తి’ అని శీర్షిక వస్తుంది. ఎంతమందిని అడిగారో, ఎక్కడ అడిగారో వార్త చివరిదాకా వెతికినా దొరకదు.

నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని. ఈ పాఠం బోర్డు మీద చెబితే ఎవరికీ ఎక్కేది కాదు. ఒక ఏడాది మిర్చి యార్డు నుంచి కాయ తెప్పించాను. 1,600 మంచి కాయలు, 400 తాలు (రంగు పోయిన నాసిరకం) కాయలు లెక్కపెట్టి కలిపి, ఆ లెక్క పిల్లలకు చెప్పకుండా క్లాసులో కుప్ప పోశాను. (రెండు రోజులు ఆ గదిలో తుమ్ములే తుమ్ములు.) 40 మంది ఒక్కొక్కరే వచ్చి కళ్లు మూసుకుని 25 కాయలు తీయాలి, తాలు ఎన్నో రాసుకోవాలి, మళ్లీ కుప్పలో వేసి కలిపేయాలి. కుప్పలో తాలు 20 శాతం కాబట్టి ప్రతి ఒక్కరికీ ఐదు రావాలి కదా? ఒకమ్మాయికి ఒక్కటే వచ్చింది. ఇంకో కుర్రాడికి తొమ్మిది. ఆమె లెక్కన తాలు 4 శాతం, వాడి లెక్కన 36. కుప్ప ఒకటే, ఇద్దరూ నిజాయితీగానే లెక్కపెట్టారు.

నలభై జవాబులనూ బోర్డు మీద చుక్కలుగా పెడితే ఐదు చుట్టూ గుట్టలా పోగుపడ్డాయి. మూడుకీ ఏడుకీ మధ్యే ముప్పై చుక్కల దాకా ఉన్నాయి. పాఠ్యపుస్తకంలో శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ అని భయపెట్టేది ఈ గుట్టనే. పత్రికలో వచ్చే సర్వే అందులో ఒక్క చుక్క. మిగతావి మనకు కనపడవు, కానీ గుట్ట ఎంత వెడల్పో లెక్క కట్టొచ్చు. జవాబు అసలు అంకెకు మామూలుగా ఎంత దూరంలో పడుతుందో చెప్పే కొలతను ప్రామాణిక దోషం అంటారు. 25 కాయలు తీస్తే అది 8 శాతం, 100 తీస్తే 4. శ్రమ నాలుగింతలైతే తప్పు సగానికి తగ్గుతుంది, అంతే.

400 మందిని ఏ పక్షపాతం లేకుండా ఎంచి అడిగారు, జవాబు 50 శాతం దగ్గర ఉంది అనుకోండి, ప్రామాణిక దోషం రెండున్నర శాతం. దానికి రెండింతలు, అంటే ఐదు శాతం అటూ ఇటూ కావడం సహజం. రెండు సర్వేలను పోల్చినప్పుడు రెండింటి తప్పులూ కలిసి అది ఏడు దాకా పోతుంది. కనుక 52 కాస్తా 48 అయిందంటే జనం మనసు మారి ఉండొచ్చు, ఏమీ మారకపోయీ ఉండొచ్చు.

ఇదంతా ఎంపిక సరిగ్గా జరిగితేనే. సాయంత్రం బ్రాడీపేటలో నిలబడి అడిగిన మాట పాత గుంటూరు కుళాయి సంగతి చెప్పదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు ఒక వారపత్రిక 20 లక్షలకు పైగా జవాబులు పోగేసి కూడా రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని రాసింది. ఆయన 60 శాతానికి పైగా ఓట్లతో గెలిచాడు. కార్లు, టెలిఫోన్లు ఉన్నవాళ్ల జాబితాలు పట్టుకుని అడిగితే అలాగే అవుతుంది. మన యార్డులో కొనేవాడికి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. పైకాయ చూసి ధర చెప్పడు, టిక్కీ (మిర్చి బస్తా) లోపలికి చేయి పెట్టి మచ్చు తీస్తాడు.

గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ బెంగాల్‌లో జనపనార పంట సర్వే చేసినప్పుడు ఒకే ప్రాంతానికి విడివిడిగా శాంపిల్ తీసేలా వేర్వేరు బృందాలను పంపే పద్ధతి పెట్టారు. వాటి అంకెల మధ్య తేడాయే సర్వేను ఎంత నమ్మొచ్చో చెబుతుంది. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే వెనకా ఆయనే ఉన్నారు.

మీరూ ఆ పని చేయొచ్చు. ఎంతమందిని, ఎక్కడ, ఎలా ఎంచి అడిగారో ఒక్క లైను వేయండి. ప్లస్ ఆర్ మైనస్ ఎంతో వేయండి. వీలైతే 400 మందినీ చీటీలేసి రెండు సగాలుగా విడదీసి, రెండు ఫలితాలూ పక్కపక్కనే అచ్చేయండి. ఒక సగంలో 44, రెండో సగంలో 52 వచ్చాయనుకోండి, ‘పడిపోయిన సంతృప్తి’ అనాలా వద్దా అని మీ డెస్కులోనే చర్చ జరుగుతుంది.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు