వెనక నుంచి గుద్దితే తప్పంతా వెనకవాడిదేనా?

ఎడిటర్ గారికి,

మొన్న దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు మా బావగారు రాజోలు నుంచి పాలకొల్లు వస్తూ, చించినాడ వంతెన దిగి కొంచెం దూరం పోయాక, రాత్రిపూట కారుతో గడ్డి ట్రాక్టర్‌ని వెనక నుంచి గుద్దేశారు. గడ్డి జారిపోతోందని మోకు బిగించడానికి ట్రాక్టర్‌ని రోడ్డు మీదే ఆపారట. వెనక లైటు లేదు, రేడియం స్టిక్కర్ లేదు, ఉన్నా ట్రాక్టర్ వెనక ట్రక్కుకి అటూ ఇటూ వేలాడే ఆ గడ్డిలో ఏం కనపడుతుంది? బావగారి మణికట్టు విరిగింది. బానెట్ సందుల్లోంచి గడ్డిపరకలు వారం దాకా వస్తూనే ఉన్నాయి.

జనం పోగయ్యి ఒకటే మాట, వెనక నుంచి గుద్దావు కాబట్టి నువ్వే కట్టుకోవాలి అని. చెయ్యి విరిగిన మనిషే ఎదురు పదిహేను వేలు ఇచ్చి, కేసు లేకుండా ఇంటికొచ్చారు. నాకు ఇప్పటికీ కడుపు మండుతోంది.

ముందు బండి ఉన్నట్టుండి ఆగినా తగలనంత దూరంలో ఉండాలన్నది 1989 నాటి రోడ్డు రూల్స్‌లోనూ ఉండేది, వాటి బదులు 2017లో వచ్చిన డ్రైవింగ్ రూల్స్‌లోనూ ఉంది, కాదనను, బావగారు కూడా కాస్త స్పీడుగానే వచ్చారు. కానీ అవే రూల్స్ అవసరం లేకుండా సడన్ బ్రేక్ వెయ్యొద్దని కూడా చెప్పాయి. ఇక బండిని ఇతరులకి ప్రమాదం అయ్యేలా రోడ్డు మీద వదలకూడదని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతోంది. 2017లో కోయంబత్తూరులో హైవే మీద ఒక కారు సడన్‌గా ఆగితే వెనకొచ్చిన బైకు కుర్రాడు దాన్ని గుద్ది పడిపోయాడు, వెనకాలే వచ్చిన బస్సు ఎక్కి కాలు పోయింది. 2025 జూలైలో సుప్రీంకోర్టు కారు వాళ్ళది 50 శాతం, బస్సుది 30, దూరం పాటించని కుర్రాడిది 20 శాతం తప్పని తేల్చింది. గుద్దినవాడి మీద పడింది అందరికంటే తక్కువ!

అలా ఎవరి వాటా ఎంతో తేలాలంటే ముందు కాగితం మీదకి ఎక్కాలి కదా. రోడ్డు మీద పెద్దమనుషులు తేల్చేస్తే ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ దాకా ఏం వెళ్తుంది? దయచేసి ఎవరికైనా ఇలా జరిగితే 112కి ఫోన్ చెయ్యండి, బళ్ళు కదపకముందే ఫోటోలు తీసుకోండి, వెనక లైటు ఉందో లేదో కనపడేలా.

పోలీసు, రవాణా శాఖ వాళ్ళని కోరేది ఒక్కటే. సార్వా (ఖరీఫ్ వరి) కోతలు మొదలయ్యేలోపు చేల గట్ల దగ్గర, రైసుమిల్లుల దగ్గర ట్రాక్టర్లు ఆపి చూడండి, ట్రక్కు వెనక ఎర్ర రేడియం లేనిదాన్ని చీకటి పడ్డాక 216 హైవే ఎక్కనివ్వకండి.

— ఒక పాఠకుడు, రాజోలు