ఎమ్మెల్యే గారి ఫోను ఏ ఫైల్లోనూ ఉండదు

ఎడిటర్ గారికి నమస్కారం,

తిరుమల బ్రేక్ దర్శనానికి ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు ఇచ్చే సిఫార్సు లెటర్లు అమ్ముకుంటున్నారని మళ్లీ మళ్లీ వార్తలొస్తున్నాయి కదా, దాని మీద నావి కూడా రెండు మాటలు. 2024 అక్టోబర్‌లో అయితే ఒక ఎమ్మెల్సీ లెటర్ మీద 6 టికెట్లకి 65 వేలు తీసుకున్నారని బెంగళూరు భక్తుడొకాయన కంప్లైంట్ ఇస్తే తిరుమల పోలీసులు కేసే పెట్టారు. టికెట్ అసలు రేటు 500. కేసు తేలేదాకా ఎవరిది తప్పో చెప్పలేం గానీ, అలా అమ్మితే అవినీతేనని అందరూ ఒప్పుకుంటారు, డబ్బు కంటికి కనపడుతుంది కాబట్టి.

మరి అదే లెటర్ పైసా తీసుకోకుండా బావమరిదికో, ఎన్నికల్లో ఖర్చు పెట్టినోడికో ఇస్తే? దాన్ని సాయం అంటాం. నన్నడిగితే డబ్బు ఒక్కటే చూస్తే సరిపోదు, ఆ అడిగినాయనకి ఎదుటివాడు కుదరదు అని చెప్పగలడా లేదా అన్నది చూడాలి.

నేను రెవెన్యూలో చేసి రిటైరయ్యా. సీఎం సహాయ నిధి కోసం హాస్పిటల్ బిల్లులు పట్టుకొచ్చినోళ్లకి ఎమ్మెల్యే లెటర్ ఇస్తారు, పైన ఆ బిల్లులు చూసుకుంటారు, అందులో తప్పేం లేదు, ఓట్లేసింది అందుకే. ఫోన్ సంగతి వేరు. ముందు ఎమ్మెల్యే పీఏ ఎమ్మార్వోకి ఫోన్ చేసి సార్ మాట్లాడతారంట అంటాడు, తర్వాత సార్ లైన్లోకొచ్చి "మనోడే, కొంచెం చూడండి" అంటారు, అంతే, ఏం చూడాలో చెప్పరు. ఆర్డరూ కాదు, బెదిరింపూ కాదు. కానీ బదిలీలప్పుడు ఆయన మాట లేకుండా కోరుకున్న మండలం రాదని ఎమ్మార్వోకీ తెలుసు, ఆయనకీ తెలుసు. అడుగున పడున్న ఫైలు సాయంత్రానికి పైకొస్తుంది, నోట్ ఫైల్లో మాత్రం "అర్జీ పరిశీలించడమైనది" అని రాస్తాం, ఫోన్ ఊసే ఉండదు. రేపు ఎంక్వైరీ వస్తే సంతకం పెట్టినోడొక్కడే దొరుకుతాడు.

2013లో మాజీ కేబినెట్ సెక్రటరీ టీఎస్‌ఆర్ సుబ్రమణియన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆఫీసర్లకి స్పష్టంగానే చెప్పింది, నోటిమాట మీద పని చెయ్యొద్దు, చెప్పింది రాతలో పెట్టుకోండి అని. ఎవరు పెట్టుకుంటున్నారండీ? పైగా 2018లో అవినీతి నిరోధక చట్టం మార్చినప్పుడు, పదవిలో ఉండి ప్రజా ప్రయోజనం లేకుండా వేరేవాళ్లకి ఆర్థిక లాభం చేసిపెడితే నేరం అనే క్లాజుని 13వ సెక్షన్‌లోంచి తీసేశారు. నిజాయితీ ఆఫీసర్లు కూడా దానికి ఇరుక్కుంటున్నారన్నారు, అందులో నిజం లేకపోలేదు, కానీ ఆ వంకన డబ్బు చేతులు మారని ఫేవర్లని పట్టుకోడం ఇంకా కష్టమైంది.

అందుకని ప్రతి ఎమ్మార్వో ఆఫీసులో, మున్సిపాలిటీలో సిఫార్సుల రిజిస్టర్ ఒకటి పెట్టమనండి. ఎవరు ఫోన్ చేశారు, ఎవరి కోసం, ఏం అడిగారు, పని అయిందా లేదా, అంతే రాయాలి, సమాచార హక్కు కింద ఎవరడిగినా చూపించాలి. ముసలామె పెన్షన్ ఆగిపోయిందని ఫోన్ చేసిన ఎమ్మెల్యేకి దీంతో వచ్చే నష్టమేం లేదు, కావాలంటే ఆ పేజీని ఫ్లెక్సీ వేయించుకోవచ్చు కూడా.

ఇట్లు
ఒక రిటైర్డ్ ఉద్యోగి, గుంటూరు