ఆ బస్సు ఇంకా రాలేదండీ

విమాన కంపెనీ కస్టమర్ రిలేషన్స్ వారికి,

నమస్కారమండీ. ఇది మీకు నేను రాస్తున్న ఆరో ఉత్తరం. ముందు రాసిన ఐదూ ఇంగ్లీషులోనే రాశాను, ఒక్కటి కూడా ఎవరూ చదివిన పాపాన పోలేదు. ఎలాగూ చదవనప్పుడు నా భాషలో రాసుకుంటే నాకన్నా కాస్త కడుపుమంట చల్లారుతుందని ఈసారి తెలుగులో రాస్తున్నా. కావాలంటే ట్రాన్స్‌లేట్ కొట్టుకోండి, నేను మీ జవాబుల్ని అర్థం చేసుకోడానికి పడ్డ కష్టం కన్నా తక్కువే ఉంటుంది.

జరిగింది రెండు ముక్కల్లో చెప్తా, ఎందుకంటే నా బాధ అది కాదు. మే 18 ఆదివారం, మా అమ్మకి ఒట్టావాలో తులిప్ పూలు చూపించి తిరిగొస్తున్నాం. 7:45కి బయల్దేరి 8:50కి టొరంటో దీవి ఎయిర్‌పోర్టులో దిగాలి. 8:30 అన్నారు, 9:15 అన్నారు, 10 అన్నారు, చివరికి విమానంలో కూర్చోబెట్టాక పైలట్ గారు మైకులో, దీవిలో రాత్రి 11 దాటితే దిగనివ్వరు కాబట్టి పియర్సన్‌కి, అంటే ఊరవతలి పెద్ద ఎయిర్‌పోర్టుకి, పోతున్నాం అన్నారు. 11:38కి పియర్సన్‌లో దించారు. అంతే. విమానాలు లేటవుతాయి, నాకు తెలుసు, ఆ 11 గంటల రూలు కూడా మంచిదే, నేనా ఎయిర్‌పోర్టుకి పది నిమిషాల నడక దూరంలో బాతర్స్ట్ వీధి చివర ఉంటాను, రాత్రి నిద్ర పట్టేది దానివల్లే.

అసలు కథ దిగాక మొదలైంది.

మీ గేటు దగ్గరి అమ్మాయి "బయట పోస్టు దగ్గర నిలబడండి, పది నిమిషాల్లో బస్సు వచ్చి మిమ్మల్ని దీవి ఫెర్రీ దగ్గర దింపుతుంది" అంది. అమ్మకి 68 ఏళ్ళు, మోకాళ్ళు అరిగిపోయాయి, వీల్‌చెయిర్ బుక్ చేసి పెట్టాను, అది దీవిలో ఎదురుచూస్తోంది, మేం పియర్సన్‌లో ఉన్నాం. సరే అని సూట్‌కేసు పడుకోబెట్టి దాని మీద కూర్చోబెట్టా. పది నిమిషాలు ఇరవై అయ్యాయి, నలభై అయ్యాయి. పసుపు జాకెట్ వేసుకున్నాయన ఒకరు అటుగా వెళ్తుంటే అడిగా, "నేను మీ కంపెనీ కాదమ్మా" అన్నాడు. లోపలికి పరుగెత్తా, మీ కౌంటర్లో లైట్లు ఆపేశారు. ఫోన్ చేశా, చాలాసేపు పియానో వినిపించి లైను కట్ చేశారు. ఈలోగా అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి స్టీలు డబ్బా తీసి, పొద్దున కలుపుకున్న పెరుగన్నం, ఆ స్తంభం లైటు కింద సూట్‌కేసు మీద కూర్చుని తింది. నాకూ రెండు ముద్దలు పెట్టింది. చలికి చేతులు వణుకుతున్నాయి, పెరుగు పులిసిపోయింది. "బస్సు వస్తుందిలేవే, వాళ్ళు చెప్పారుగా" అంటోంది నాతో. వాళ్ళు చెప్పారుగా! మీ కంపెనీ మాట మీద ఆ నమ్మకం ప్రపంచంలో ఆవిడకి ఒక్కదానికే మిగిలి ఉంటుంది.

టాక్సీ ఎక్కాం. 78 డాలర్లు. ఇల్లు చేరేసరికి 1:25.

మర్నాడు మీ వెబ్‌సైట్‌లో ఫారం నింపబోయా. సమస్య ఏంటో ఎంచుకోమని ఒక లిస్టు ఉంది చూశారూ, సామాను పోయింది, సీటు నచ్చలేదు, కుక్కపిల్ల ప్రయాణం ఇలా ఏవేవో ఉన్నాయి, "వేరే ఎయిర్‌పోర్టులో దించి వదిలేశారు" అన్నది మాత్రం లేదు. "ఇతర" అని నొక్కా. 21 రోజులకి జవాబొచ్చింది. ఏమని? "మీ పెట్టె పోయినందుకు చింతిస్తున్నాం" అని. నా పెట్టె పోలేదండీ! నా పెట్టె మీదే మా అమ్మ కూర్చుంది! పైగా పైన పేరు కూడా నాది కాదు, ఎవరో మగాయన పేరు. ఆయన పెట్టె నిజంగానే పోయి ఉంటుంది, పాపం ఆయనకి నా బస్సు గురించి క్షమాపణ వెళ్ళి ఉంటుంది.

ఫోన్ చేశా. మొదటావిడ రసీదు ఈమెయిల్ చేయమంది. చేశా. రెండోసారి ఎత్తినాయన ఈమెయిల్లో రసీదులు తీసుకోం, ఫారంలోనే పెట్టాలన్నాడు. ఫారం తెరిస్తే "ఈ కేసు పరిష్కరించబడింది" అని పచ్చ టిక్కు. ఎవరు పరిష్కరించారు, ఎప్పుడు, ఎవరికోసం? మూడోసారి ఎత్తినాయన ఉన్నాడే, ఆయనకో నమస్కారం. ఎంతో శాంతంగా "మేడం, మీ టికెట్ టొరంటోకి, మిమ్మల్ని టొరంటో చేర్చాం, పైగా మీ ఆలస్యం 2 గంటల 48 నిమిషాలే, 3 గంటలు దాటితేనే పరిహారం" అన్నాడు.

అంటే 12 నిమిషాలు తక్కువైందన్నమాట. నా టికెట్ మీద వై-టి-జెడ్ అని, అంటే దీవి ఎయిర్‌పోర్టు కోడ్ ఉంది. నన్ను దించింది వై-వై-జెడ్‌లో, అంటే పియర్సన్‌లో. ఆ మధ్య అక్షరం తేడా రోడ్డు మీద పాతిక కిలోమీటర్ల పైచిలుకు, 78 డాలర్లు, ఒక ముసలావిడ మోకాళ్ళు. పియర్సన్ చాలామటుకు ఉండేదే పక్క ఊరు మిస్సిసాగాలో. ఇదే లెక్కన రేపు విజయవాడ టికెట్ కొన్నవాణ్ణి గుంటూరులో దించి, కృష్ణ దాటితే అదేగా అంటారా? గమ్యం చేరడమంటే టికెట్ మీద ఉన్న చోటికి చేరడం. ఆ లెక్కన నా ఆలస్యం నాలుగు గంటలు దాటింది.

కారణం కూడా ఒకటి చెప్పరు. ఆ రాత్రి ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లో "ఆపరేషనల్ కారణాలు". ఫోనులో "వాతావరణం". ఒట్టావాలో ఆ సాయంత్రం మా అమ్మ గేటు అద్దంలోంచి చుక్కలు లెక్కపెట్టింది, ఏం వాతావరణం? నేనూ చదువుకున్నానండీ, 2019లో వచ్చిన ప్రయాణికుల రక్షణ నిబంధనలు. మీ చేతిలో ఉన్న కారణమై, అది భద్రత కోసం కాకపోతే డబ్బివ్వాలి, వాతావరణమైతే అక్కర్లేదు. అందుకే వానలు కురిపిస్తున్నారని అర్థమైంది. ఇంకో సంగతి, 3 నుంచి 6 గంటల ఆలస్యానికి పెద్ద కంపెనీ 400 డాలర్లు ఇవ్వాలి, చిన్న కంపెనీ 125 ఇస్తే చాలు, వరుసగా రెండేళ్ళు ఏడాదికి 20 లక్షల మందిని మోస్తే పెద్ద కంపెనీ కింద లెక్క. మీరెందులోకి వస్తారని అడిగితే ఆ శాంతమూర్తి "అది వేరే డిపార్ట్‌మెంట్" అన్నాడు. స్ట్రీట్‌కార్ల మీద యాడ్లు చూస్తే ఆకాశమంతా మీదే అన్నట్టుంటుంది మరి.

చివరికి విసుగొచ్చి నడిచి వెళ్ళా, ఎయిర్‌పోర్టుకే. సరస్సు అడుగున ఆ సొరంగంలోంచి కదిలే బాట మీద నిలబడి వెళ్తూ ఏం మాట్లాడాలో రిహార్సల్ కూడా వేసుకున్నా. కౌంటర్లో పిల్ల చాలా మర్యాదస్తురాలు, నిజంగా, అంతా విని "అయ్యో" అంది. ఆ "అయ్యో" ఒక్కటే ఇన్నాళ్ళలో నాకు మీ కంపెనీ నుంచి దక్కిన మనిషి మాట. తర్వాత ఒక కార్డు ఇచ్చింది. దాని మీద అదే ఫారం అడ్రసు.

నేను ఈ దీవి ఎయిర్‌పోర్టుకి కొత్త కాదు. సొరంగం 2015లో వచ్చింది, అంతకుముందు ఫెర్రీయే గతి అయిన రోజుల నుంచీ మీ ప్రయాణికురాలిని. 121 మీటర్ల నీళ్ళు, ఒకటిన్నర నిమిషం, ఎక్కి నిలబడేలోపే దిగమంటారు. మొన్న అమ్మ దాన్నెక్కి "ఇదేం పంటు పడవే, మా సఖినేటిపల్లి గోదావరి రేవులో పంటు కదలడానికే ఇంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది" అని నవ్వింది. ఇండియా నుంచి ఎవరొచ్చినా మీ దాంట్లోనే తీసుకెళ్ళా, పియర్సన్ నుంచి చవగ్గా దొరికినా సరే. మా బిల్డింగ్‌లో సగం మంది ఆ ఎయిర్‌పోర్టు ఎత్తేసి పార్కు చేయాలంటారు, బాల్కనీలో బట్టలారేస్తే కిరోసిన్ వాసనొస్తోందంటారు. మీటింగుల్లో లేచి ఎయిర్‌పోర్టు ఉండాలని వాదించిందాన్ని నేను. పక్క ఫ్లాట్ ఆవిడ రెండేళ్ళు మాట్లాడలేదు నాతో. మొన్న లిఫ్టులో కనబడి "ఎలా ఉంది మీ దీవి విమానం" అంది. ఏం చెప్పను?

అన్నట్టు మీ సర్వే కూడా వచ్చింది, మమ్మల్ని స్నేహితులకి ఎంతవరకు రికమెండ్ చేస్తారు, సున్నా నుంచి పది అని. సున్నా కన్నా కిందికి పెట్టే వీల్లేదు, చూశా.

నాక్కావాల్సింది టాక్సీ 78 డాలర్లు, రావాల్సిన పరిహారం, ఆపైన మా అమ్మ పేరు మీద, పేరు సరిగ్గా రాసి, ఒక ఉత్తరం. నిజానికి ఆ ఉత్తరం మే నెలలోనే వచ్చుంటే నేను డబ్బు ఊసే ఎత్తేదాన్ని కాదు. ఇప్పుడు ఎత్తుతా. మీరు జవాబివ్వాల్సిన 30 రోజులు ఎప్పుడో దాటాయి, ఇది 52వ రోజు. వచ్చే శుక్రవారం లోపు మనిషెవరూ ఫోన్ చేయకపోతే కెనడియన్ ట్రాన్స్‌పోర్టేషన్ ఏజెన్సీకి అన్ని మెయిళ్ళూ, ఆ పచ్చ టిక్కు ఫోటోతో సహా పంపుతా. వాళ్ళ ఆఫీసు ఒట్టావాకి నది అవతల గాటినోలోనే ఉంది, అవసరమైతే నేనే వెళ్తా, రైల్లో వెళ్తా. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో 180 మంది ఉన్నారు, వేసవిలో ప్రతి ఇంటికీ అమ్మానాన్నలు వస్తారు, అందరూ ఒట్టావా, మాంట్రియల్ తిరుగుతారు. ఇంక మీ ఇష్టం.

మా బాల్కనీలోంచి మీ విమానాలు దిగడం కనిపిస్తుంది. అమ్మ రోజూ సాయంత్రం టీ తాగుతూ వాటిని చూస్తూ "ఆ బస్సు చివరికి వచ్చిందంటావా, మనమే తొందరపడి వెళ్ళిపోయామా" అని అడుగుతోంది. ఆవిడకి ఏం చెప్పమంటారో అది కూడా ఆ ఉత్తరంలో రాయండి.

ఇట్లు,
"పరిష్కరించబడిన" కేసు తాలూకు ప్రయాణికురాలు