ఆయిల్ ఫిల్టర్ల విషయంలో మా వల్ల జరిగిన పొరపాటు: మా దగ్గర సర్వీసు చేయించుకునేవారికి

మా దగ్గర కార్లు సర్వీసు చేయించుకునే అందరికీ నమస్కారం. గత ఐదు నెలల్లో మేము వేసిన ఆయిల్ ఫిల్టర్లలో కొన్ని నకిలీవని తేలింది. అవి మాకు ఒక ఆన్‌లైన్ విడిభాగాల సర్వీసు ద్వారా వచ్చాయి. ఎక్కడి నుంచి వచ్చినా మీ ఇంజిన్లకు బిగించింది మా చేతులే కాబట్టి, ఈ సంగతి మీరు మరెవరి నోటి నుంచో కాక మా నోటి నుంచే వినాలి. మా లెక్క ప్రకారం 83 కార్లు అనుమానపు జాబితాలో ఉన్నాయి, ఆ 83 మందికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టాం. ఆ జాబితాలో లేనివారికి ఈ ఇబ్బంది లేదు, అయినా ఏం జరిగిందో వారికీ తెలియాలని వివరంగా రాస్తున్నాను.

విషయం బయటపడింది నా అనుభవం వల్ల కాదు. చాలా ఏళ్లుగా మా దగ్గరికి వచ్చే ఒకాయన, సర్వీసు అయిన కొన్ని వారాలకు తిరిగివచ్చి, పొద్దున్నే కారు స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లపాటు ఇంజిన్‌లో గరగరమని చప్పుడు వస్తోందని, ఆ తరువాత దానంతట అదే సర్దుకుంటోందని చెప్పారు. నేను బానెట్ ఎత్తి, ఇంజిన్‌ను రెండు మూడు సార్లు ఆపించి స్టార్ట్ చేయించాను. ఏ చప్పుడూ లేదు. కారు కంప్యూటర్ గుర్తించిన లోపాలను కోడుల రూపంలో చదివే స్కానర్ పెట్టి చూస్తే ఏ కోడూ లేదు. అప్పుడాయన ఫోన్ తీసి, ఆయిల్ ఫిల్టర్ లోపల ఉండే ఒక వాల్వు పనిచేయకపోతే ఇలాగే ఉంటుందని తాను చదివానని చెప్పబోయారు. నేను ఆయన మాట పూర్తి కానివ్వలేదు. "ఇంటర్నెట్ చదివితే ఇంజిన్లు బాగయ్యేటట్లయితే మేమంతా షెడ్లు మూసుకోవచ్చు సార్" అన్నాను. పక్కనున్న మా కుర్రాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు, కారు తీసుకుని వెళ్లిపోయారు.

నేను అలా ఎందుకు మాట్లాడానో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ మాట గాలికి పుట్టింది కాదు. ఫోన్‌కు కలుపుకునే చిన్న కోడ్ రీడర్లు వచ్చినప్పటి నుంచి, కోడు చదవడమే రోగనిర్ధారణ అనుకునేవారు వారానికి ఇద్దరు ముగ్గురైనా మా గుమ్మం తొక్కుతున్నారు. పీ0420 అనే కోడునే తీసుకోండి. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ సామర్థ్యం ఉండవలసినంత లేదని దాని అర్థం. అది చూడగానే కన్వర్టర్ పోయిందని తేల్చుకుని, ఆన్‌లైన్‌లో కొత్తది తెప్పించుకుని, "ఇది బిగిస్తే చాలు" అంటూ వస్తారు. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాలు వాడే ఆ వస్తువు చవకగా దొరికేది కాదు. నిజానికి ఆ కోడు కన్వర్టర్ వెనకనున్న ఆక్సిజన్ సెన్సర్ పంపే సంకేతాన్ని బట్టి పుడుతుంది. సెన్సర్ ముదిరినా, సైలెన్సర్ పైపు ఎక్కడో చిట్లి గాలి లోపలికి లాగినా, ఇంజిన్ సరిగా మండక మిస్ అవుతున్నా అదే కోడు రావచ్చు. అలాంటి కేసుల్లో అవసరం లేని ఖర్చు నుంచి ఎంతోమందిని నేను తప్పించాను, ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. నూటికి తొంభై సార్లు మనమే సరి అయినప్పుడు మిగిలిన పది సార్లు ఎదుటి మనిషి చెప్పేది చెవికెక్కదు. నా విషయంలో జరిగింది అదే.

రెండు రోజుల తరువాత ఆయన తన ఇంటి దగ్గర, రాత్రంతా ఆగి ఉన్న కారును పొద్దున స్టార్ట్ చేస్తూ రికార్డు చేసిన చప్పుడును నాకు పంపారు. కింద ఒక్క మాట కూడా రాయలేదు. అది విన్న తరువాత నాకు ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు. కారును సాయంత్రమే తెప్పించి రాత్రంతా షెడ్డులో ఉంచి, మరునాటి ఉదయం నేనే తాళం తిప్పాను. చప్పుడు వచ్చింది, ఆయిల్ ప్రెషర్ దీపం కూడా ఆరవలసిన దానికంటే ఆలస్యంగా ఆరింది. మొదటిసారి నాకు వినపడకపోవడానికి కారణం చిన్నపిల్లవాడికి కూడా తట్టవలసింది: ఆయన కారును నడుపుకుంటూ వచ్చారు, ఇంజిన్ వేడిగా ఉంది, ఫిల్టర్ నిండా ఆయిల్ ఉంది. పొద్దున వచ్చే చప్పుడును మధ్యాహ్నం వెతికాను.

ఫిల్టర్ లోపల ఏముంటుందో కొంచెం చెప్పాలి. పంపు నుంచి వచ్చే ఆయిల్, ఫిల్టర్ మూత చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల గుండా లోపలికి వెళ్లి, మడతలు పెట్టిన కాగితపు పొర గుండా వడకట్టుకుని, మధ్య రంధ్రం గుండా ఇంజిన్‌లోకి చేరుతుంది. ఆ చుట్టూ ఉన్న రంధ్రాలను లోపలి నుంచి కప్పుతూ పల్చని రబ్బరు వాల్వు ఒకటి ఉంటుంది. ఇంజిన్ ఆగినప్పుడు ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి జారి కింది తొట్టిలోకి పోకుండా ఆపడం దాని పని. ఫిల్టర్ అడ్డంగా పడుకుని ఉండే ఇంజిన్లలో ఆ వాల్వు లేకపోతే పని జరగదు. అది సరిగా మూసుకోకపోతే రాత్రికి రాత్రి ఫిల్టర్ ఖాళీ అవుతుంది, పొద్దున పంపు ముందు ఖాళీ డబ్బాను నింపి ఆ తరువాతే బేరింగులకు, ఇంజిన్ లోపలి టైమింగ్ చైన్ అనే గొలుసును బిగువుగా ఉంచే టెన్షనర్‌కు ఆయిల్ అందించగలుగుతుంది. మధ్యలో ఆ రెండు మూడు సెకన్లు లోహం లోహానికి తగిలే చప్పుడే ఆయన విన్నది.

ఆ ఉదయం విప్పిన ఫిల్టర్ చేతిలో తేలికగా వచ్చింది. మామూలుగా అయితే దాన్ని విప్పేటప్పుడు ఆయిల్ కారి చొక్కా పాడవుతుంది. కట్టర్‌తో కోసి, పాత పంపిణీదారు దగ్గర తీసుకున్న అసలు ఫిల్టర్‌ను కూడా కోసి, రెండూ పక్కపక్కన పెట్టాను. అసలుదాని వాల్వు వేలితో నొక్కితే మెత్తగా వంగి మళ్లీ లేచింది. నకిలీదాని రబ్బరు వేడికి గట్టిపడి, అంచు లేచి, ప్లాస్టిక్ బిళ్లలా ఉంది. కాగితం మడతలు తక్కువ, వాటి మధ్య ఎడం ఒక చోట ఒకలా మరో చోట మరోలా ఉంది. కాగితం మూసుకుపోయినప్పుడు ఆయిల్‌కు దారి ఇవ్వవలసిన బైపాస్ స్ప్రింగు బొటనవేలితో తేలికగా నొక్కుకుపోయింది. పైన మాత్రం రంగు, పార్టు నంబరు, పెట్టె, మెరిసే ముద్ర, అన్నీ చక్కగా ఉన్నాయి. పార్టు చేతిలోకి తీసుకుంటే చాలు, మంచిదో కాదో చెప్పగలనని మా కుర్రాళ్ల ముందు ఎన్నోసార్లు అన్నవాణ్ణి నేను. మూత బిగించిన డబ్బా లోపల ఏముందో ఏ చేతికీ తెలియదని ఆ ఉదయం వాళ్ల ముందే ఒప్పుకోవలసి వచ్చింది.

స్కానర్ ఎందుకు పట్టుకోలేదని కొందరు అడిగారు. స్కానర్‌ను కలిపేది మీ స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు. ఆ సాకెట్, అమెరికాలో అమ్మే కార్లకు 1996 నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి తప్పనిసరి అయింది. అది ప్రధానంగా పొగ కాలుష్యానికి సంబంధించిన లోపాలను పట్టుకోవడానికి పుట్టిన ఏర్పాటు. ఫిల్టర్ రాత్రిపూట ఖాళీ అయిందో లేదో దానికి తెలియదు. తాళం తిప్పగానే ఆయిల్ దీపం ఎలాగూ వెలుగుతుంది కాబట్టి, అది రెండు సెకన్లు ఆలస్యంగా ఆరడం చాలా కార్లలో కంప్యూటర్ లెక్కలోకి రాదు.

ఇక ఆ ఆన్‌లైన్ సర్వీసు సంగతి. మా పాత పంపిణీదారు సరుకు మంచిదే కానీ, అడిగిన రోజున వచ్చేది కాదు, బండి లిఫ్టు మీద ఉండగా రెండు రోజులు ఎదురుచూడవలసి వచ్చేది. ఈ సర్వీసులో పొద్దున ఆర్డరు పెడితే సాయంత్రానికి పెట్టె గుమ్మంలో ఉండేది, అది ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్‌లో కనిపించేది. ఆ సౌకర్యానికి నేను లొంగిపోయాను. ఆ పేజీ మీద కంపెనీ పేరు ఉంది, పార్టు నంబరు ఉంది, మంచి రేటింగు ఉంది. నేను అప్పుడు పట్టించుకోనిది ఏమిటంటే, ఇలాంటి చోట్ల ఒకే పేజీ కింద అనేకమంది అమ్మకందారులు ఒకే వస్తువును అమ్ముతుంటారు, ఈసారి పెట్టె ఎవరి దగ్గర నుంచి వస్తుందో ప్రతిసారీ చూసుకుంటే తప్ప తెలియదు, ఆ స్టార్లన్నీ మాత్రం అందరికీ కలిపి పడతాయి. పైగా ఆ స్టార్లు వేసేవారు పెట్టె అందిన రెండో రోజునే వేస్తారు. పెట్టె వేళకు వచ్చిందా, నలగకుండా వచ్చిందా అన్నదానికే అవి సాక్ష్యం. రబ్బరు గట్టిపడటానికి కొన్ని వారాలు పడుతుంది, అప్పటికి ఎవరూ తిరిగివచ్చి స్టారు తీసేయరు.

ఫిర్యాదు చేస్తే మొదట ఒక యంత్రం జవాబిచ్చింది. వాపసు గడువు 10 రోజులని, అది దాటిపోయిందని చెప్పింది. నకిలీ వస్తువుకు గడువేమిటని అడిగితే, సీలు విప్పని పెట్టె ఫోటో పంపమంది. లోపల నకిలీ అని తెలియాలంటే కోయాలి, కోస్తే వాపసు తీసుకోరు. నాలుగో రోజున మనిషి దొరికాడు, చాలా మర్యాదగా అదే మాట చెప్పాడు. కోసిన ఫిల్టర్ల ఫోటోలు ఆరు పంపాను. ఇది రాసే సమయానికి ఆ పేజీ ఇంకా అలాగే ఉంది, స్టార్లు కూడా అలాగే ఉన్నాయి. డబ్బు తిరిగి వస్తుందన్న ఆశ నాకు లేదు, అడగడం మాత్రం మానను.

ఇవన్నీ ఒక ఎత్తు, మీకు చెప్పాలా వద్దా అన్నది ఒక ఎత్తు. "వచ్చే సర్వీసులో ఫిల్టర్ ఎలాగూ మారుస్తాం కదన్నా, ఇప్పుడు అందరినీ భయపెట్టడం ఎందుకు" అన్నాడు మా పెద్ద మెకానిక్. అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. రోజుకు రెండు సెకన్ల ఆలస్యం ఒక్క నెలలో ఇంజిన్‌ను పాడు చేయదు, అరుగుదల నెమ్మదిగా పేరుకుంటుంది. చప్పుడు వస్తోందని వచ్చినవారికి మాత్రమే మార్చి ఊరుకుంటే మిగతావారికి ఎప్పటికీ తెలియదు. మూడు రాత్రులు నేను ఈ మాటనే అటూ ఇటూ తిప్పుకున్నాను. ఖర్చు గురించి కాదని నాకు నేను చెప్పుకున్నాను కానీ, ఖర్చు కూడా ఉంది. అంతకంటే పెద్దది పరువు. ఇన్నేళ్లుగా "ఆన్‌లైన్ సరుకు తెస్తే నేను బిగించను" అని మీలో ఎందరినో వెనక్కి పంపినవాణ్ణి, ఆన్‌లైన్ సరుకునే తెచ్చి మీ ఇంజిన్లకు బిగించానని ఎలా చెప్పడం? మూడో రాత్రి, బిల్లుల సాఫ్ట్‌వేరులో ఎవరి బండికి ఏ ఫిల్టర్ పడిందో వెతుకుతూ కూర్చున్నాను. అందులో "ఆయిల్ ఫిల్టర్ 1" అని తప్ప, అది ఎక్కడి నుంచి వచ్చిందో రాసి లేదు. అంటే నకిలీ ఎవరికి పడింది, అసలుది ఎవరికి పడింది అన్నది నాకే తెలియదు. కొందరికి చెప్పి కొందరిని వదిలేసే వీలు కూడా లేదని తేలిన తరువాత, ఆర్డర్ల తేదీలు, బిల్లుల తేదీలు కలిపి చూసి 83 పేర్లు రాసుకున్నాను.

మొదటి ఫోన్ ఆ రికార్డింగు పంపినాయనకే చేశాను. మీరు చెప్పిందే నిజమైంది, ఆ రోజు నేను అన్న మాట తప్పు అన్నాను. ఆయన దెప్పుతారేమో అనుకున్నాను. "మిగతావాళ్లకు కూడా చెబుతున్నారా?" అని మాత్రం అడిగారు. దెప్పి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

జాబితాలో ఉన్నవారికి ఫిల్టర్ ఉచితంగా మారుస్తాం, సర్వీసు అయి మూడు నెలలు దాటినవారికి ఆయిల్ కూడా మాదే. వీలైతే కారును ముందురోజు సాయంత్రం వదిలి వెళ్లండి, చల్లబడిన ఇంజిన్‌ను పొద్దున స్టార్ట్ చేసి వింటేనే తేడా తెలుస్తుంది. చప్పుడు ఎక్కువగా ఉన్న కార్లకు గేజి పెట్టి ఆయిల్ ప్రెషర్ చూస్తాం, టైమింగ్ చైన్ వైపు అరుగుదల కనిపిస్తే ఆ పని మా ఖాతాలోనే. మీకు మా మీద నమ్మకం కుదరకపోతే వేరే చోట మార్పించుకుని బిల్లు తెచ్చినా ఇస్తాం, తీసిన ఫిల్టర్‌ను మాత్రం మాకు తెచ్చివ్వండి.

ఇకపై ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు, బెల్టులు పాత పంపిణీదారు దగ్గరే తీసుకుంటాం. దానివల్ల కొన్నిసార్లు మీ బండి ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు, ఆ విషయం బండి తీసుకునేటప్పుడే చెబుతాం. ప్రతి కొత్త సరుకు పెట్టెల్లోంచి ఒక ఫిల్టర్‌ను కోసి చూస్తాం. బిల్లు మీద పార్టు ఎవరి దగ్గర కొన్నామో రాస్తాం, తీసిన పాత పార్టు మీరు అడగకపోయినా చూపిస్తాం.

మీరు ఆన్‌లైన్‌లో కొని తెచ్చే పార్టులను బిగించకూడదన్న మా నియమం మారలేదు, ఇప్పుడు మరింత గట్టిపడింది. కోడ్ రీడర్ చూపించి కన్వర్టర్ మార్చమనేవారితో నేను మునుపటిలాగే వాదిస్తాను. అయితే చప్పుడు గురించి ఎవరైనా చెబితే, అది ఏ వేళ వస్తోందో ముందు అడుగుతాను, రికార్డింగు ఉంటే పూర్తిగా వింటాను. కోసిన ఫిల్టర్లు రెండూ బిల్లింగ్ బల్ల మీద పెట్టాను. వచ్చినప్పుడు ఆ రెండు రబ్బర్లనూ మీరే వేలితో నొక్కి చూడండి.