మెషిన్ కొనడం గురించే కాదు, కడగడం గురించి కూడా రాయండి

సంపాదకుడు గారికి,

ఇంట్లోనే ఎస్‌ప్రెస్సో, అంటే వేడినీళ్లను ఒత్తిడితో పొడిలోంచి తోసి తీసే చిక్కటి కాఫీ, చేసుకోవడం గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఏ మెషిన్ చూడ్డానికి బాగుంటుంది, ఏది త్వరగా వేడెక్కుతుంది, ఏది ఎన్ని బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలత) ఒత్తిడి ఇస్తుంది, ఇవన్నీ రాశారు. కొన్నాక దాన్ని ఎలా కడుక్కోవాలో మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. ఇది చిన్న లోటు అని నేను అనుకోను. కొత్తలో బాగున్న కాఫీ కొన్ని నెలలు గడిచేసరికి చేదెక్కిపోయిందని, ఏదో పాత నూనె వాసన వస్తోందని చాలామంది అంటుంటారు. గింజలు మార్చి చూస్తారు, పాలు మార్చి చూస్తారు, చివరికి మెషిన్ మంచిది కాదని తేల్చేసి ఇంకో ఖరీదైన దాని కోసం వెతుకుతారు. చాలాసార్లు అక్కడ తప్పు మెషిన్‌దీ కాదు, గింజలదీ కాదు, లోపల పేరుకుపోయిన మురికిది.

ముందు ఆ బార్ల సంగతి చెప్పాలి. డబ్బా మీద 15 బార్, 20 బార్ అని పెద్ద అక్షరాలతో వేస్తారు, మీ వ్యాసంలో కూడా ఎక్కువ ఉంటే మేలన్నట్టే రాశారు. అది పంపు గరిష్ఠంగా ఇవ్వగలిగే ఒత్తిడి. కాఫీ పొడి దగ్గర కావాల్సింది సుమారు 9 బార్లే. 1901లో ఇటలీలో లుయీజీ బెజెరా పేటెంట్ తీసుకున్న కాఫీ మెషిన్ ఆవిరి ఒత్తిడితో పనిచేసేది, అందులో ఇంత ఒత్తిడి ఉండేది కాదు. 1940ల చివర్లో అకిలె గాజియా అనే ఆయన తెచ్చిన, చేత్తో లివర్ లాగే మెషిన్లు వచ్చాకే కాఫీ మీద క్రెమా అనే ఆ బంగారు రంగు నురగ వచ్చింది, 1961లో ఫేమా కంపెనీ ఈ61 మెషిన్‌తో లివర్ లాగే పని విద్యుత్ పంపు చేతికి పోయింది. ఇన్నేళ్లుగా లెక్క ఆ 9 దగ్గరే ఉంది. మంచి మెషిన్లలో అంతకు మించిన ఒత్తిడిని బయటికి వదిలేయడానికి ప్రత్యేకంగా ఒక వాల్వ్ పెడతారు. అలాంటప్పుడు 20 అన్న అంకె చూసి కొనమనడం ఎందుకు?

నా మాట అడిగితే, మెషిన్ మీద ఖర్చు కొంచెం తగ్గించుకునైనా మంచి గ్రైండర్ కొనుక్కోమంటాను. బ్లేడు గ్రైండర్ గింజల్ని నరుకుతుంది, అందులో మెత్తటి పొడీ రవ్వా కలిసి వస్తాయి, నీళ్లు సులువుగా ఉన్న దారి చూసుకుని అటు నుంచే జారిపోతాయి, అందుకే అదే కప్పులో పులుపూ చేదూ రెండూ తగులుతాయి. గింజల్ని రెండు పళ్ల చక్రాల (బర్‌ల) మధ్య నలిపే బర్ గ్రైండర్ అయితే పొడి చాలావరకు ఒకే తీరున వస్తుంది. 18 గ్రాముల పొడి, 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లు, ఈ కొలతతో మొదలుపెట్టి, త్వరగా దిగిపోతే పొడిని ఇంకాస్త మెత్తగా, మరీ ఆలస్యమైతే కొంచెం బరకగా మార్చుకుంటూ పోతే చాలు. దీని గురించి ఇప్పటికే చాలామంది చాలా రాశారు కాబట్టి ఇక్కడితో వదిలేస్తాను.

అసలు చెప్పాల్సింది మురికి గురించి. ఎస్‌ప్రెస్సో మెషిన్‌లో చేరే మురికి రెండు రకాలు, రెండింటికీ మందులు వేరు, జనం ఎక్కువగా తికమక పడేది ఇక్కడే. మొదటిది నూనె. కాఫీ గింజలో నూనె ఉంటుంది, అది వేడినీళ్లు బయటికొచ్చే గ్రూప్ హెడ్‌లో, ఆ నీళ్లను పొడి మీద చల్లే జల్లెడ లాంటి షవర్ స్క్రీన్ వెనక, పొడి వేసే బాస్కెట్ రంధ్రాల్లో పట్టి ముక్కిపోతుంది. ఇది వదలాలంటే క్షార గుణం ఉన్న కాఫీ మెషిన్ పౌడర్ కావాలి. రెండోది సున్నం. నీళ్లలోని కాల్షియం వేడికి బాయిలర్ గోడల మీదా గొట్టాల్లోనూ తెల్లటి పొరలా గట్టిపడుతుంది. దీనికి ఆమ్లం కావాలి, అంటే సిట్రిక్ యాసిడ్ గానీ తయారీదారు చెప్పిన డీస్కేలర్ (సున్నం కరిగించే మందు) గానీ. పౌడర్‌తో ఎంత కడిగినా సున్నం పోదు, డీస్కేలర్ ఎంత పోసినా నూనె జిడ్డు పోదు. "నేను ప్రతి నెలా డీస్కేల్ చేస్తున్నాను, అయినా రుచి రావడం లేదు" అనేవాళ్లు ఒక్కసారి షవర్ స్క్రీన్ విప్పి వెనక వైపు చూస్తే సంగతి అర్థమైపోతుంది.

నూనె వదిలించడానికి చేసేదే బ్యాక్‌ఫ్లష్. రంధ్రాలు లేని బాస్కెట్‌లో కాస్త పౌడర్ వేసి, ఆ బాస్కెట్‌ను పట్టుకునే పిడి, అంటే పోర్టాఫిల్టర్, బిగించి, పంపు పది సెకన్లు నడిపి ఆపడం, ఇలా నాలుగైదు సార్లు చేసి, తర్వాత మంచినీళ్లతో అదే పని చేసి పౌడర్ ఆనవాలు లేకుండా కడిగేయడం. అయితే ఇది అన్ని మెషిన్లకీ పనికిరాదు, త్రీ-వే వాల్వ్ ఉన్నవాటికే చెయ్యాలి. పంపు ఆపగానే బుస్సుమని మిగిలిన ఒత్తిడి కింది ట్రేలోకి పోతుంటే ఆ వాల్వ్ ఉన్నట్టే లెక్క, అయినా మాన్యువల్ చూసి నిర్ధారించుకోవడం మంచిది. అది లేని మెషిన్‌లో ఒత్తిడి పోయే దారి ఉండదు కాబట్టి స్క్రీన్ విప్పి విడిగా కడుక్కోవడమే పద్ధతి. అలాంటి మెషిన్‌లో కాఫీ దిగిన వెంటనే పోర్టాఫిల్టర్ లాగేయకూడదు, వేడి పొడి ముఖం మీదికి చిమ్ముతుంది.

సున్నం విషయంలో వదిలించే తిప్పల కంటే పట్టకుండా చూసుకోవడమే తేలిక. కాల్షియం ఎక్కువున్న గట్టి నీళ్లు (కఠిన జలం) పోస్తే సున్నం పడుతుంది. అలాగని ఖనిజాలేమీ లేని డిస్టిల్డ్ వాటర్ పోసినా కుదరదు, కాఫీ చప్పగా ఉంటుంది, లోహం తినేసే ప్రమాదం ఉంది, పైగా కొన్ని మెషిన్లలో నీటిమట్టం చూసే సెన్సర్ అలాంటి నీళ్లను గుర్తించనే గుర్తించదు. కాఠిన్యం తక్కువగా ఉండి, ఖనిజాలు కొద్దిగా ఉన్న నీళ్లు కావాలి. వెనిగర్ పొయ్యమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, దాని వాసన ఓ పట్టాన పోదు, రబ్బరు సీళ్లకూ మంచిది కాదు. పెద్ద బాయిలర్లున్న మెషిన్లకు కొందరు తయారీదారులు ఇంట్లో డీస్కేల్ చెయ్యొద్దనే చెబుతారు, ఊడిన పెచ్చులు సన్నటి గొట్టాలకు అడ్డం పడతాయని. వాటిని మెకానిక్‌కి అప్పగించడమే నయం.

పాలు వేడిచేసే ఆవిరి గొట్టాన్ని మాత్రం పని అయిన మరుక్షణమే తడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఆవిరి వదలాలి. చల్లారేటప్పుడు అది పాలను లోపలికి పీల్చుకుంటుంది, ఆ పాలు లోపలే ఎండి కుళ్లుతాయి. ఇది శుభ్రతకే కాదు, ఆరోగ్యానికి కూడా సంబంధించిన విషయం, బద్ధకించడానికి వీల్లేదు.

పోర్టాఫిల్టర్ చుట్టూ నీళ్లు కారుతుంటే ఇంకా గట్టిగా తిప్పి బిగించేవాళ్లు ఎక్కువ. పోర్టాఫిల్టర్ ఆనుకునే రబ్బరు వలయం, అంటే గాస్కెట్, వేడికి రాయిలా అయిపోతుంది, మార్చాల్సింది దాన్ని. మెషిన్‌లో చవకైన భాగాల్లో అదొకటి. అలాగే గ్రైండర్ శుభ్రమవుతుందని బియ్యం వేసి తిప్పేవాళ్లకు దయచేసి ఎవరైనా చెప్పండి, చాలామంది తయారీదారులు అది వద్దంటారు. బియ్యం గింజ కాఫీ గింజ కంటే గట్టిది, మోటారు మీద భారం పడుతుంది, పిండి లోపలే ఉండిపోతుంది. ప్లగ్ తీసేసి, బర్ విప్పి, తడి లేని బ్రష్‌తో దులిపితే సరిపోతుంది. ఉక్కు బర్‌లను నీళ్లతో కడిగితే తుప్పు పడుతుంది.

సంపాదకుడు గారూ, నా విన్నపం ఒక్కటే. ఇకముందు ఏ మెషిన్ గురించి రాసినా, దాని గాస్కెట్, షవర్ స్క్రీన్ విడిగా దొరుకుతాయా, ఇంట్లో ఉండే స్క్రూడ్రైవర్‌తో విప్పుకోవచ్చా, బ్యాక్‌ఫ్లష్ చెయ్యొచ్చా, డీస్కేలింగ్ గురించి తయారీదారు ఏం చెప్పారు, ఈ నాలుగు వివరాలు తప్పకుండా ఇవ్వండి. స్థలం సరిపోకపోతే రంగుల గురించి, డిజైన్ గురించి రాసే పేరా తీసేయండి, అది ఫొటోలో ఎలాగూ కనిపిస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు